తక్కువ పిండిపదార్థంతో శాండ్‌విచ్ బ్రెడ్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

మైదా, గోధుమపిండి లేకుండా, లేదా వాటిని బాగా తగ్గించి, ఇంట్లోనే శాండ్‌విచ్‌కు పనికివచ్చే బ్రెడ్ చేసుకోవడం ఎలాగని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం. ఒకే సందేహం పలువురికి ఉన్నచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా మార్చాం.

ప్రశ్న: మావారికి చక్కెర వ్యాధి ఉందని తేలినప్పటి నుంచి బయటి బ్రెడ్ మానేశాం. మైదాకు బదులు అంతే కొలతలో బాదం పిండి తీసుకుని, ఈస్ట్ వేసి, మామూలు బ్రెడ్ పద్ధతిలోనే చేశాను. గంటన్నర ఉంచినా పొంగలేదు. కాల్చిన తర్వాత లోపల తడిగా ఉంది, చాకు పెడితే పొడిపొడిగా రాలిపోయింది. లోపం ఎక్కడుందండీ? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: లోపం మీ చేతిలో లేదమ్మా. మైదాను తీసేశారు గానీ, అది చేసే పనులను వేరొకరికి అప్పగించలేదు. మైదాలో నీళ్లు పోసి పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే అల్లికగా ఏర్పడి, ఈస్ట్ విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతాయి. ఓవెన్‌లో వేడి తగిలాక అందులోని స్టార్చ్ అనే పిండిపదార్థం చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఉబ్బి, గట్టిపడి, పొంగిన ముద్ద కూలిపోకుండా నిలబెడుతుంది. ఆ స్టార్చ్‌లో కొంత చక్కెరగా మారి ఈస్ట్‌కు ఆహారమవుతుంది, పైపొర ఎర్రబడడానికీ తోడ్పడుతుంది. బాదం పిండిలో గ్లూటెన్ అసలే లేదు, స్టార్చ్ నామమాత్రం, బరువులో దాదాపు సగం నూనె. ఈస్ట్ అందులో గాలి పుట్టించినా దానిని పట్టి ఉంచే అల్లిక లేదు. మీరు పోసిన నీళ్లను పీల్చుకునే స్టార్చ్ లేదు కాబట్టి లోపల తడి అలాగే మిగిలింది.

గాలిని పట్టి ఉంచే పనిని కోడిగుడ్డుకూ ఇసబ్‌గోల్ పొట్టుకూ, గాలి పుట్టించే పనిని బేకింగ్ పౌడర్‌కూ వెనిగర్‌కూ, నీటిని పీల్చే పనిని ఇసబ్‌గోల్‌కూ అవిసె గింజల పొడికీ అప్పగించాలి. ఇసబ్‌గోల్ మనవాళ్లు మలబద్ధకానికి మందుల షాపులో కొనేదే. గుజరాత్‌లోని ఉంఝా, సిద్ధపూర్ ప్రాంతాల మిల్లుల నుంచి ప్రపంచమంతటికీ వెళ్తుంది. రుచీ చక్కెరా కలిపిన నారింజ రంగు పొడి కాకుండా, ఏమీ కలపని తెల్లని పొట్టును కొనండి. దానిని మిక్సీలో మెత్తగా పొడి చేసి, ఆ తర్వాతే తూచండి. పొట్టు చాలా తేలిక, పొడి బరువైనది. ఒక చెంచా పొడి బరువు ఒక చెంచా పొట్టుకు దాదాపు రెండింతలుంటుంది కాబట్టి, ఈ బ్రెడ్‌ను చెంచాలతో, కప్పులతో కొలిచి చేసేవారికి ఒకరోజు కుదిరి మరొకరోజు చెడిపోవడం తప్పదు. ఓవెన్ కంటే ముందు చిన్న వంట త్రాసు కొనమని అందుకే చెబుతాను.

సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న టిన్నుకు కొలతలు ఇవి: బాదం పిండి 200 గ్రాములు, అవిసె గింజల పొడి 50 గ్రాములు, ఇసబ్‌గోల్ పొడి 40 గ్రాములు, బేకింగ్ పౌడర్ 10 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, కోడిగుడ్లు 4, వెనిగర్ 15 మి.లీ., వాసన లేని నూనె 20 మి.లీ., వేడి నీళ్లు 200 నుంచి 220 మి.లీ. పొడి దినుసులన్నీ ఒకసారి జల్లించి కలపండి. అవిసె, ఇసబ్‌గోల్ ఒకచోట ఉండలు కడితే తర్వాత విడదీయడం కష్టం. గుడ్లు, వెనిగర్, నూనె వేరే గిన్నెలో గిలకొట్టి ఆ పొడిలో కలిపాక, మరిగించి దించిన నీళ్లను సన్నని ధారగా పోస్తూ ఆపకుండా కలపండి. మొదట జారుగా ఉండి మీకు భయం వేస్తుంది, అప్పుడు మరికొంత బాదం పిండి వెయ్యాలన్న ఆలోచన వస్తుంది. వెయ్యకండి. రెండు మూడు నిమిషాల్లో ఇసబ్‌గోల్ నీటిని లాగేసుకుని ముద్ద గారెల పిండిలా చిక్కబడుతుంది. తడి చేత్తో పైభాగం నునుపు చేసి, బటర్ పేపర్ పరిచిన టిన్నులో సర్ది, వెంటనే ఓవెన్‌లో పెట్టండి. బేకింగ్ పౌడర్ తడి తగిలిన క్షణం నుంచే పనిచేస్తుంది కాబట్టి ఈ ముద్దను ఈస్ట్ పిండిలా నానబెట్టి ఉంచకూడదు.

ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ వద్ద, కింది కడ్డీలూ పై కడ్డీలూ రెండూ వెలిగించి, మధ్య అరలో 60 నుంచి 65 నిమిషాలు కాల్చండి. పైభాగం త్వరగా ఎర్రబడితే 40 నిమిషాల తర్వాత అల్యూమినియం రేకు కప్పండి. పుల్ల గుచ్చి చూసే పరీక్షను ఇక్కడ నమ్మలేం, ఎందుకంటే ఇసబ్‌గోల్ జిగురు ఉడికినా పుల్లకు అంటుకుంటుంది. థర్మామీటర్ ఉంటే నడిమధ్యలో 96 డిగ్రీలు రావాలి. లేకపోతే లోఫ్‌ను టిన్నులోంచి తీసి అడుగున వేళ్లతో తట్టితే బోలుగా శబ్దం రావాలి. తీసిన తర్వాత కనీసం రెండు గంటలు జాలీ మీద చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు కోస్తే లోపలి జిగురు ఇంకా గట్టిపడి ఉండదు, చాకుకు అంటుకుని ముక్క నలిగిపోతుంది. మంచి బ్రెడ్‌ను ఉడకలేదనుకుని పారేసేవారిలో ఎక్కువమంది ఈ రెండు గంటలు ఆగనివారే.

ఇక లెక్క. బాదంలో 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల కార్బోహైడ్రేట్లు (పిండిపదార్థాలు) ఉంటే, అందులో 12 గ్రాములకు పైగా జీర్ణం కాని పీచే. అవిసెలో ఉన్న కార్బోహైడ్రేట్లు దాదాపు మొత్తం పీచే. అన్నీ కూడితే ఈ లోఫ్ మొత్తంలో జీర్ణమయ్యే పిండిపదార్థం 25 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది, పదహారు ముక్కలుగా కోస్తే ముక్కకు ఒకటిన్నర గ్రాములు. 30 గ్రాముల మామూలు బ్రెడ్ ముక్కలో అది సుమారు 14 గ్రాములు.

ప్రశ్న: బాదం పిండి ధర భరించలేకపోతున్నాం. కొర్ర పిండి, జొన్న పిండి, రాగి పిండి వాడితే తక్కువ కార్బ్ బ్రెడ్ అవుతుంది కదా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: కాదండీ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో, పీచును మినహాయించి చూపిన కార్బోహైడ్రేట్లు 100 గ్రాముల గోధుమపిండిలో 64 గ్రాములు, సజ్జల్లో 62, రాగుల్లో 67, జొన్నల్లో 68. మైదాలో 74. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, ఖనిజాలు ఎక్కువ, రొట్టెగానో సంకటిగానో తినడానికి అవి ఎంతో మంచివి. అయినా వాటితో చేసిన బ్రెడ్‌ను తక్కువ పిండిపదార్థం ఉన్న బ్రెడ్ అనుకుని రెండు ముక్కలు ఎక్కువ తింటే చక్కెర రోగికి నష్టమే. దుకాణాల్లో ‘మిల్లెట్ బ్రెడ్’ పేరుతో దొరికే వాటిలో కొన్నింటి వెనుక వైపు చూస్తే మొదటి దినుసు గోధుమపిండో మైదానో అయి ఉంటుంది, చిరుధాన్యం ఎక్కడో కింద ఉంటుంది. ‘బ్రౌన్ బ్రెడ్’ రంగు కూడా చాలాసార్లు కారమెల్‌దే.

ధర తగ్గించుకునే దారి మన వంటింట్లోనే ఉంది. వేరుశనగ పప్పులో 100 గ్రాములకు కార్బోహైడ్రేట్లు 16 గ్రాములు, అందులో సగానికి పైగా పీచు. అంటే ఈ విషయంలో బాదం కంటే ఏమాత్రం తీసిపోదు. సన్నసెగ మీద దోరగా వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకే బిగిన తిప్పితే నూనె దిగి ముద్దయిపోతుంది. బాదం పిండిలో సగానికి వేరుశనగ పొడి వేస్తే పల్లీల వాసన తెలుస్తుంది. కారం శాండ్‌విచ్‌లకు, పచ్చిమిర్చి చట్నీ రాసుకునే వాటికి అది బాగానే కుదురుతుంది గానీ జామ్ రాసుకునే వారికి నచ్చకపోవచ్చు (ఈ బ్రెడ్ మీద జామ్ రాసేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు). ముడుచుకుపోయిన, బూజు వాసన వచ్చే పల్లీలను ఏరి పారేయండి. ఆ బూజులో ఉండే అఫ్లటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు. పల్లీలు పడనివారు ఉన్న ఇంట్లో ఈ మార్పు చేయకూడదు.

ఎండుకొబ్బరి తురుమును కొబ్బరి పిండి అనుకుని వాడవద్దు. కొబ్బరి పిండి అంటే నూనె తీసేసిన పొడి. అది బాదం పిండి కంటే కొన్ని రెట్లు ఎక్కువ నీటిని తాగుతుంది కాబట్టి బాదానికి బదులు అదే కొలతలో వేస్తే లోఫ్ ఇటుక అవుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు వాడం. గుడ్డు లేకుండా చెప్పండి. (గుంటూరు, నిజామాబాద్, బెంగళూరుల నుంచి వచ్చిన ఉత్తరాలు)

జవాబు: పైన చెప్పిన బాదం బ్రెడ్‌లోంచి గుడ్డు తీసేసి అదే ఎత్తు, అదే మెత్తదనం రావాలంటే రాదు. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి గోడల్లా నిలబడతాయి, పెరుగు గానీ పనీర్ గానీ ఆ పనిని సగం కూడా చేయవు. ఇసబ్‌గోల్‌ను 55 గ్రాములకు పెంచి, 100 గ్రాముల గట్టి పెరుగు కలిపి, లోఫ్‌గా కాకుండా అరచేతి మందాన గుండ్రని బన్నులుగా చేసి కాల్చుకోండి. ఎత్తు తక్కువైతే లోపల ఉడకడం సులువు, కూలిపోయే భయం ఉండదు. చల్లారాక అడ్డంగా కోసి శాండ్‌విచ్‌గా వాడుకోవచ్చు. లోఫే కావాలనుకుంటే శాకాహారులకు గ్లూటెన్ బ్రెడ్ మంచి దారి. తర్వాతి జవాబు చూడండి.

ప్రశ్న: ఇక్కడి దుకాణాల్లో వైటల్ వీట్ గ్లూటెన్, ఓట్ ఫైబర్ దొరుకుతున్నాయి. వాటితో చేసిన బ్రెడ్ అచ్చంగా మామూలు బ్రెడ్‌లా ఉంటుందంటున్నారు. గోధుమ నుంచే వచ్చిన గ్లూటెన్ తక్కువ కార్బ్ ఎలా అవుతుంది? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి కడుగుతూ పోతే స్టార్చ్ తెల్లని నీళ్లుగా వెళ్లిపోయి, చేతిలో బంక లాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యా నగరంలో బెక్కారి అనే శాస్త్రవేత్త 18వ శతాబ్దంలోనే దీనిని వేరుచేసి వివరించాడు. 19వ శతాబ్దంలో పారిస్ వైద్యుడు బూషార్దా తన చక్కెర రోగులకు గ్లూటెన్ రొట్టె తినమని చెప్పాడు. ఇన్సులిన్ లేని ఆ రోజుల్లో ఆహారం తప్ప వేరే చికిత్స లేదు. అంటే ఇప్పుడు కొత్త ఫ్యాషన్‌గా కనిపిస్తున్న ఈ రొట్టె వయసు నూటయాభై ఏళ్లు దాటింది. మీరు కొనే పొడి ఆ ముద్దను ఆరబెట్టి చేసినది, అందులో నాలుగింట మూడు వంతులు మాంసకృత్తులే, పిండిపదార్థం 100 గ్రాములకు 14 గ్రాముల లోపు.

గ్లూటెన్ 150 గ్రాములు, అవిసె పొడి 70, ఓట్ ఫైబర్ 40, ఉప్పు 5, డ్రై ఈస్ట్ 9, వెన్న 30 గ్రాములు, గుడ్లు 2, గోరువెచ్చని నీళ్లు 240 మి.లీ., తేనె ఒక చెంచా, ఉంటే శాంథాన్ గమ్ (ముద్దకు జిగురునిచ్చే పొడి) అర చెంచా. గుడ్లు వద్దనుకుంటే నీళ్లు మరో 80 మి.లీ. పెంచండి. తేనె చూసి బెదరవద్దు, అది ఈస్ట్ కోసం వేసేది, చాలావరకు ఈస్ట్ తినేస్తుంది. ఆరేడు నిమిషాలు పిసికితే చాలు. గ్లూటెన్ ఎక్కువ కాబట్టి మరీ పిసికితే రబ్బరులా సాగుతుంది. టిన్నులో పెట్టి, అంచు దాటి పొంగేదాకా వెచ్చని చోట ఉంచి, 175 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు కాల్చండి. ఓవెన్ ఆపాక తలుపు కొద్దిగా తెరిచి లోఫ్‌ను లోపలే కాసేపు ఉంచితే పైభాగం ముడతలు పడదు. ముక్కకు మాంసకృత్తులే 8 గ్రాములకు పైగా వస్తాయి. సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవారు, గోధుమ పడనివారు దీనిని ముట్టుకోకూడదు.

రెండు హెచ్చరికలు. ఓట్ ఫైబర్ అంటే ఓట్స్ పిండి కాదు, ఓట్స్ తవుడు కూడా కాదు. గింజ పైపొట్టును పొడి చేసినది. ఓట్స్‌ను మిక్సీలో తిప్పి వేస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది. రెండవది, అమెరికాలో పొట్లం మీద రాసే మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కలిసి ఉంటుంది కాబట్టి దానిని తీసివేసి చూడాలి. ఐరోపా దేశాల్లో, బ్రిటన్‌లో పీచును విడిగా చూపుతారు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న మీ బంధువులు అమెరికా అలవాటుతో అక్కడ మళ్లీ తీసివేస్తే ఉన్నదానికంటే తక్కువ లెక్క వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె గదిలో ఉంటాను. ఓవెన్ లేదు. కుక్కర్‌లో కేకు చేసినట్టు ఈ బ్రెడ్ చేయవచ్చా? (ఒక విద్యార్థి)

జవాబు: గ్యాస్కెట్, విజిల్ తీసి, అడుగున ఉప్పు పోసి కేకు చేయడం సాధ్యమే గానీ, ఈ ముద్దలో నీళ్లు చాలా ఎక్కువ. మూత కింద ఆ ఆవిరి బయటికి పోక బ్రెడ్ ఉడికినట్టవుతుంది తప్ప కాలదు. మీ గదిలో మైక్రోవేవ్ ఉంటే దానితోనే పని జరుగుతుంది. బాదం పిండి 30 గ్రాములు, గుడ్డు ఒకటి, కరిగించిన వెన్న ఒక పెద్ద చెంచా, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు కలిపి, బ్రెడ్ ముక్క వెడల్పున్న మైక్రోవేవ్ డబ్బాలో పోసి 90 సెకన్లు ఉంచండి. తీసి అడ్డంగా రెండుగా కోసి, పెనం మీద రెండు వైపులా కరకరలాడేలా కాల్చండి. పెనం మీద కాల్చకపోతే ఆమ్లెట్ వాసన వస్తుంది.

ప్రశ్న: రోజూ నాలుగు ముక్కలు ఈ బ్రెడ్డే తింటున్నాను, బరువు ఏమాత్రం తగ్గలేదు. మా అమ్మగారు చక్కెర మాత్రలు వాడతారు, ఆమెకూ పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: బరువు తగ్గుతుందని ఈ బ్రెడ్ ఎవరికీ మాట ఇవ్వలేదు. బాదం లోఫ్ ముక్కలో సుమారు 120 కేలరీలు ఉంటాయి, మామూలు బ్రెడ్ ముక్కలో 75 నుంచి 80. పిండి తగ్గింది, ఆ స్థానంలో నూనె వచ్చింది. రక్తంలో చక్కెర త్వరగా పెరగదన్నది నిజం, రెండు ముక్కలకే కడుపు నిండినట్టుంటుందన్నదీ నిజం. మీరు నాలుగు తింటున్నారు.

మీ అమ్మగారి విషయంలో డాక్టరుతో మాట్లాడిన తర్వాతే మార్చండి. ఇన్సులిన్ గానీ, గ్లైమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఉన్నట్టుండి పిండిపదార్థం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మాత్రలు వాడేవారు పిండిపదార్థం బాగా తగ్గిస్తే, మీటరులో చక్కెర మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. ఇది అరుదే అయినా ప్రాణాంతకం కాగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారైతే ఇసబ్‌గోల్ ఆ మందు ఒంటబట్టనీయకుండా అడ్డుకోవచ్చు కాబట్టి, మాత్రకూ ఈ బ్రెడ్‌కూ మధ్య తగినంత వ్యవధి ఉంచాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవారికి బాదంలోని ఆక్సలేట్లు మంచివి కావు. ఎవరు తిన్నా పక్కన గ్లాసు నీళ్లు ఉండాలి.

ప్రశ్న: బ్రెడ్ లోపల ఊదా రంగు వచ్చింది. పొద్దుతిరుగుడు గింజలు వేసినప్పుడు ఆకుపచ్చ రంగు వచ్చింది. పాడైపోయినట్టేనా? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? (కాకినాడ, ఒంగోలు నుంచి)

జవాబు: పాడవలేదు. కొన్ని కంపెనీల ఇసబ్‌గోల్ కాల్చినప్పుడు ఊదా రంగుకు తిరుగుతుంది, కంపెనీ మారిస్తే పోతుంది. పొద్దుతిరుగుడు గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం వంట సోడాతో కలిసినప్పుడు ఆకుపచ్చ రంగు వస్తుంది, వెనిగర్ లేదా నిమ్మరసం కొద్దిగా పెంచితే తగ్గుతుంది. రెండింటిలోనూ హాని లేదు, చూడడానికే బాగుండదు.

నిల్వ మాత్రం తీరప్రాంతంలో ఉన్న మీకు నిజమైన సమస్యే. ఈ బ్రెడ్‌లో తేమ ఎక్కువ, బూజును ఆపే మందులేవీ ఉండవు. కాకినాడ ఉక్కలో బయట పెడితే రెండో రోజుకే అనుమానించవలసి వస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగుతుంది. చల్లారిన రోజే ముక్కలు కోసి, మధ్యలో బటర్ పేపర్ ముక్కలు పెట్టి, గాలి చొరని సంచిలో డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే నెల దాకా వాడుకోవచ్చు. కరిగించనక్కరలేదు, గడ్డకట్టిన ముక్కనే నేరుగా పెనం మీద సన్నసెగన పెట్టండి.